జన్మభూమికి అనుమతిపత్రము

(గ్రంథాలయ సభయందు చేసిన యుపన్యాసము)



హిందూ మహాసముద్రము నడుమ, మాల్దీవులకు దక్షిణమున, చాగోస్ అను ద్వీపసముదాయము గలదు. అందెల్ల పెద్దది డియెగో గార్షియా. పగడపు దిబ్బలపై నేర్పడిన సన్నని నేల. మన కోనసీమలోని రెండు మూడు పెద్ద గ్రామముల పొలిమేరలు కలిపినంత యుండును. దానిపై కాలు మోపుటకు మీకును మాకును హక్కు లేదు. పరుల సైనికస్థావరము గావున ఇందు వింత యేమియు లేదు. కాని ఆ నేలమీదనే పుట్టి, ఆ నేలలోనే తలిదండ్రులను పాతిపెట్టుకొన్న వానికిని హక్కు లేదు. వాని నాపినది యొక కాగితము. మేము వృత్తిచే న్యాయవాదులము గావున ఆ కాగితమును గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిమి.

1971వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన, బ్రిటిష్ హిందూమహాసముద్ర భూభాగ మను పేరుగల ఆ వలసరాజ్యపు కమిషనరు ఒక ఆర్డినెన్సు గావించెను. దాని 4వ సెక్షను తాత్పర్య మిది: అనుమతిపత్రము లేనిదే యెవ్వరును ఈ భూభాగమున ప్రవేశింపరాదు, ఇదివఱకే లోపల నున్నవారును పత్రము లేక ఉండరాదు. పైకి చూడ ఏ దేశమునందైనను కానవచ్చు వలసచట్టము వంటిదే. అయితే లోకమునగల వలసచట్టములన్నియు పరదేశిని గుమ్మముకడ నిలిపి ప్రశ్నించును, ఇంటివానిని ప్రశ్నింపవు. ఈ చట్టమున "ఎవ్వరును" అను మాటయందు ఇంటివాడును పడిపోయెను. తాతముత్తాతలనాటి నుండి అక్కడ నున్నవాడు తెల్లవారునప్పటికి అతిక్రమణదారు డయ్యెను.

ఆ యింటివా రెవ్వరో తెలిసికొనవలెను. 18వ శతాబ్దపు చివరి భాగమున ఫ్రెంచివారు ఆఫ్రికా, మడగాస్కరు ప్రాంతముల నుండి బానిసలను దెచ్చి ఆ దీవులలో కొబ్బరితోటలు వేయించిరి. 1814 నాటి పారిస్ సంధితో మారిషస్‌తోపాటు ఈ దీవులును ఆంగ్లేయుల వశమయ్యెను. బానిసత్వము తొలగినపిమ్మట దక్షిణభారతము నుండియు కొందఱు కూలీలు వచ్చి చేరిరి. కాలక్రమమున వీరందఱును ఒక్క జాతియైరి. క్రియోలు వారి భాష. ఎండుకొబ్బరి చేయుట, చేపలు పట్టుట, ఇంటివెనుక కోళ్ళు పెంచుకొనుట, ఆదివారమున గుడికి పోవుట — ఇదియే వారి జీవనము. ఐశ్వర్యము లేదు గాని ఆకలి లేదు. 1975లో లండను కోర్టులో తన వెడలగొట్టుబాటును గూర్చి మొట్టమొదట దావా వేసిన ద్వీపవాసి పేరు మిషెల్ వెంకటాసెన్. ఫ్రెంచి నోట పడి యెంత నలిగినను, ఆ యింటిపేరున ఏడుకొండలవాని నామము మనకు వినబడక మానదు.

కథ మొదలైనది 1965లో. మారిషస్‌నకు స్వాతంత్ర్య మిచ్చుటకు లండనులో సంప్రదింపులు జరుగుచుండెను. అప్పటికే అమెరికా సైన్యమునకు హిందూమహాసముద్రమున నొక స్థావరము కావలసి యుండెను. స్థలము చూపుదుమని బ్రిటిషువారు మాట యిచ్చి యుండిరి. స్వాతంత్ర్యమును ఒక చేత చూపి, రెండవచేత చాగోస్ దీవులను వేఱుచేసికొనిరి. 1965 నవంబరు 8న, పార్లమెంటుతో నిమిత్తము లేక, రాణిగారి మంత్రాలోచనసభ పేర వెలువడిన యొక్క యాజ్ఞతో క్రొత్త వలసరాజ్యము పుట్టెను. వలసరాజ్యములకు స్వాతంత్ర్య మిచ్చునప్పుడు వాని నేలను ముక్కలు చేయరాదని ఐక్యరాజ్యసమితి 1960లోనే తీర్మానించి యుండెను. లోకమున వలసరాజ్యము లొక్కటొక్కటిగా చచ్చుచున్న దినములలో పుట్టిన శిశువిది. మారిషస్‌నకు 30 లక్షల పౌనులు ముట్టినవి. 1966 డిసెంబరు 30న అమెరికాతో ఒడంబడిక జరిగెను: ఏబదియేండ్ల గడువు, పిమ్మట ఇరువదియేండ్ల పొడిగింపు. బాహాటముగా అద్దె లేదు. అయితే బ్రిటను కొనదలచిన పొలారిస్ క్షిపణుల ఖర్చులో 1 కోటి 40 లక్షల డాలర్లు తగ్గించుటకు అమెరికా కాంగ్రెసునకైనను చెప్పక లోపాయికారిగా ఏర్పాటు జరిగెను.

నేల దొరకెను. మనుష్యులు మిగిలిరి. ఇచ్చటనే న్యాయవాదుల పని పడెను.

ఐక్యరాజ్యసమితి శాసనపత్రము 73వ అధికరణము ప్రకారము, స్వపరిపాలనము లేని ప్రజలు గల దేశమును ఏలువారు ఆ ప్రజల మేలును గూర్చి సమితికి నివేదింపవలెను. స్థిరనివాసు లున్నారని యొప్పుకొన్నచో నివేదిక, విచారణ, ప్రశ్నలు తప్పవు. స్థిరనివాసులే లేరన్నచో పేచీ లేదు. కావున తరతరములుగా నున్నవారిని, గడువుకు వచ్చిన తోటకూలీలని పిలువ నిశ్చయించిరి. ఇది మా యూహ గాదు. ఆ ప్రభుత్వపు దస్తావేజులే తరువాత కోర్టులో బయటపడినవి. 1966లో విదేశాంగశాఖ యున్నతోద్యోగి యొకడు, మన మీ రాళ్ళను సంపాదించుట అవి మనవిగా నుండుటకే, అచట సముద్రపుపక్షులు తప్ప స్వదేశీయప్రజ యుండబోదని వ్రాసెను. ఆ కాగితముపైననే మఱియొకడు, దురదృష్టవశమున పక్షులతోపాటు కొందఱు టార్జానులును ఫ్రైడేలును ఉన్నారని ఎగతాళి జోడించెను. ఫ్రైడే యనగా క్రూసో కథలోని సేవకుడు. 1970లో న్యాయసలహాదారు వ్రాసిన మఱియొక పత్రమున నొక భాగమునకు శీర్షికయే "కల్పనను నిలుపుకొనుట". ఆర్డినెన్సు ప్రకటనమును గూర్చి వా రనుకొన్నది మఱింత ముద్దుగా నున్నది: అది ఆ భూభాగపు గెజెటులో మాత్రమే యచ్చగును, ఆ గెజెటును చదువువారు మిక్కిలి కొలది, కావున గోల యుండదు. మేము ఇరువదియేండ్లుగా శాసనములు చదువుచున్నాము. ప్రజలు చదువకుండుటకై అచ్చువేసిన శాసనమును ఇంత నిర్మొగమాటముగా నొప్పుకొనిన లేఖను వేఱొకచోట చూడలేదు.

పిమ్మట జరిగినది మీరు ఊహింపగలరు. 1967లోనే తోటలను 6,60,000 పౌనులకు ప్రభుత్వము కొనివేసెను. వైద్యమునకో బంధువులను చూచుటకో మారిషస్ పోయినవారిని తిరిగి ఓడ యెక్కనీయలేదు. మీ దీవి మూయబడినదని రేవులో చెప్పిరి. ఉన్నవారికి సరకులు తగ్గించిరి. 1971లో డియెగో గార్షియాను ఖాళీ చేయించునప్పుడు అందలి పెంపుడు కుక్కలను పట్టి, ఎండుకొబ్బరి కాల్చు కొట్టములలో బంధించి, పొగబెట్టి చంపిరి. ఆ దృశ్యము చూచిన పసివాండ్రు తరువాత మనకు కూడనా యని యడిగిరని ముసలివారు చెప్పుచుండెడివారు. 1973 నాటికి పెరోస్ బాన్హోస్, సాలొమన్ అను దూరపు దీవులును శూన్యమైనవి. మొత్తము 1,500 నుండి 2,000 వఱకు జనము. నార్డ్‌వేర్ అను సరకుల ఓడలో, గుఱ్ఱములను పైయంతస్తున నుంచి మనుష్యులను క్రిందికి ద్రోసి తెచ్చిరి. పోర్ట్ లూయీ రేవులో దింపి, మీ దారి మీరు చూచుకొనుడనిరి.

ఆ పట్టణమున వారికి తెలిసిన పని లేదు. కొబ్బరికాయ వలుచువానికి నగరమున కూలి యెవ్వ డిచ్చును? పునరావాసమునకని బ్రిటను మారిషస్ ప్రభుత్వమున కిచ్చిన 6,50,000 పౌనులు నిర్వాసితుల చేతికి వచ్చుటకు 1970 దశకము చివరివఱకు పట్టెను. స్త్రీలు వీథి కెక్కిరి, నిరాహారదీక్షలు పూనిరి. లిసెట్ తలాటె, షార్లేసియా అలెక్సీ వంటి నిరక్షరాస్యలగు తల్లులు పోలీసు లాఠీల నెదుర్కొని కారాగారమునకు పోయిరి. 1982లో మఱి 40 లక్షల పౌనులు మంజూరయ్యెను. ఆ సొమ్ము పుచ్చుకొనువారిచేత, ఇకపై హక్కు లేమియు కోరమను త్యాగపత్రముపై వ్రేలిముద్రలు వేయించిరి. పత్రము ఆంగ్లమున నున్నది. అందేమున్నదో తమ కెవ్వరును విప్పి చెప్పలేదని వారు తరువాత వాదించిరి. సభాసదులారా, మన యేజెన్సీ సంతలలో షావుకారు కాగితముపై గిరిజనుని బొటనవ్రేలు నెట్లు అద్దించుకొనెడివాడో మీలో చూచినవా రున్నారు. ఆ వ్యాపారమునకు సామ్రాజ్యపు ముద్ర పడినంతనే దానికి పరిష్కారమని పేరు వచ్చెను.

ఇక కోర్టుల సంగతి. ఇందు మాకు ప్రత్యేకాసక్తి గలదు గావున కొంచెము నిలిచి చెప్పెదము.

పెరోస్ బాన్హోస్‌లో పుట్టి పసితనమున వెడలగొట్టబడిన ఒలివియే బాంకూ అను విద్యుత్ కార్మికుడు 1971 ఆర్డినెన్సును లండను హైకోర్టులో ప్రశ్నించెను. కమిషనరునకు శాసనాధికారము ఎంతవఱకు గలదు? ఆ వలసరాజ్యపు "శాంతి, సువ్యవస్థ, సత్పరిపాలనముల" కొఱకు అని 1965 ఆజ్ఞలో నున్నది. ఈ మాటలు మనకు క్రొత్తవి గావు. గవర్నరు జనరలు ఆర్డినెన్సు లన్నియు ఈ యచ్చుననే పోతపోసినవి. శాంతి కొఱకనియు సత్పరిపాలనము కొఱకనియు 1930లో పత్రికల గొంతు నులిమిరి, మన తాతలను రాజమహేంద్రవరమునకును వెల్లూరునకును పంపిరి. ఆ మాటలు ఎంత చాచిన అంత సాగునని తెల్లదొరల నమ్మకము. 2000వ సంవత్సరము నవంబరు 3న లాస్, గిబ్స్ అను న్యాయమూర్తులు అవి అంతదూరము సాగవనిరి. ప్రజలను పాలింపవలెను గాని తొలగింపరాదని తీర్పు చెప్పి 4వ సెక్షనును కొట్టివేసిరి. విదేశాంగమంత్రి రాబిన్ కుక్ అప్పీలు చేయలేదు. డియెగో గార్షియా తప్ప తక్కిన దీవులకు మరలిపోవ వచ్చునని క్రొత్త ఆర్డినెన్సు వెలువడెను.

గెలిచినవారు ఓడల కొఱకు చూచుచుండగా నాలుగేండ్లు గడచెను. 2004 జూన్ 10న, బ్రిటను ప్రజలు స్థానిక, ఐరోపా యెన్నికలలో వోట్లు వేయుచున్న దినమున, మరల రాణిగారి మంత్రాలోచనసభ పేర రెండు ఆజ్ఞలు వెలువడినవి. ఈ భూభాగమున నెవ్వరికిని నివాసహక్కు లేదని అందు స్పష్టముగా వ్రాసిరి. చర్చ లేదు, వోటు లేదు. కమిషనరు చేసిన తప్పును రాణి పేర చేసినచో తప్పు గాదన్నమాట! హైకోర్టు 2006లోను, అప్పీలుకోర్టు 2007లోను ఆ యాజ్ఞలను కొట్టివేసినవి. 2008 అక్టోబరు 22న ప్రభువులసభ ముగ్గురు ఇద్దఱుగా చీలి వానిని నిలువబెట్టెను. నివాసహక్కును చట్టమే యిచ్చును, చట్టమే తీసికొనవచ్చునని హాఫ్‌మన్ ప్రభువు తర్కము. మూలవాసులను తమ నేల నుండి వెడలగొట్టు రాజాధికార మున్నదనుటకు చరిత్రలో నొక్క నిదర్శనమును లేదని బింగ్‌హామ్ ప్రభువు భిన్నాభిప్రాయము. ఎనిమిదేండ్లు మూడు కోర్టులలో గెలిచినవారు ఒక్క న్యాయమూర్తి మాటపై ఓడిరి. 2016లో ఆ తీర్పును పునర్విచారింప నడిగినప్పుడును ముగ్గు రిద్దఱే.

భద్రత మాటేమి యని మీలో కొంద రడుగుదురు. సైనికస్థావరములోనికి ఊరివారిని రానిచ్చు దేశ మెద్ది? సరియైన ప్రశ్నయే. మన దేశమునందును 1923 నాటి అధికార రహస్యముల చట్టము నేటికిని అమలున నున్నది. నిషిద్ధస్థలములు మనకును గలవు. రన్‌వేపైన కొబ్బరికాయలు ఎండబెట్టుకొందుమని చాగోస్ వారును అడుగలేదు. స్థావరము డియెగో గార్షియా పడమటి బాహువున నున్నది. తూర్పు బాహువున పాత తోటయు, గుడియు, సమాధులును పాడువడి యున్నవి. పెరోస్ బాన్హోస్, సాలొమన్ దీవులు నూటికి పైగా మైళ్ళ దూరమున గలవు. వానినెందుకు మూసిరి? పైగా ఆ దూరపు దీవులయొద్ద లంగరు దింపుకొనుటకు విలాసనౌకలవారికి రుసుము పుచ్చుకొని అనుమతిపత్రములు ఇచ్చుచుండిరి. స్థావరమున పనిచేయుటకు ఫిలిప్పీన్సు మొదలగు దేశముల నుండి కార్మికులు వచ్చుచుండిరి. విహారికి త్రోవ కలదు, పరదేశపు కూలికి త్రోవ కలదు. అచ్చట పుట్టినవానికి మాత్రము 2006లో నూర్గురకు కొలదిదినములు సమాధులు చూచుకొనుటకు సెలవు దొరకెను. భద్రత యను మాటతో దీనికి సమాధానము రాదు. 2010 ఏప్రిల్ 1న ఆ కడలినంతయు సంరక్షణమండలముగా ప్రకటించిరి. దానివలన పూర్వనివాసుల మరలిరాక కష్టమగునని 2009లోనే ఒక బ్రిటిషు అధికారి అమెరికా దౌత్యోద్యోగులతో ననినట్లు ఒక రహస్యతంతి బయటపడెను. చేపలకు అభయము, మనుష్యులకు నిషేధము!

ఇంకొక మాట. మూసిన తలుపు వెనుక ఏమి జరుగునో మూసినవారికే తెలియకుండుటయు గలదు. బందీలను చాటుగా తరలించు విమానములు ఆ దీవిలో దిగలేదని బ్రిటిషు మంత్రులు పలుమారులు చెప్పిరి. 2002లో రెండు దిగెనని 2008 ఫిబ్రవరిలో విదేశాంగమంత్రి పార్లమెంటులో క్షమాపణము చెప్పవలసి వచ్చెను. 2021 అక్టోబరులో శ్రీలంక తమిళులు 89 మంది యెక్కిన పడవ పాడై అచ్చటికి చేరగా, వారిని కంచెలోపల మూడేండ్లు నిలిపిరి. ఆ బంధనము అక్రమమా యని విచారించుటకు ఆ భూభాగపు సుప్రీముకోర్టు 2024 జూలైలో దీవికి పోదలచెను. అమెరికా సైన్యము వలదనెను. విచారణ ఆగెను! తన యధికారపరిధిలోని నేలపైకి కోర్టే అనుమతిపత్రము లేక పోజాలని రాజ్యము! సెప్టెంబరులో ఎట్లో అనుమతి దొరకెను. డిసెంబరులో ఆ బంధనము న్యాయవిరుద్ధమని తీర్పు వచ్చెను.

చాగోస్‌ను విడదీయుట చట్టబద్ధము గాదనియు, బ్రిటను తన పాలనమును సాధ్యమైనంత త్వరలో ముగింపవలెననియు 2019 ఫిబ్రవరి 25న అంతర్జాతీయ న్యాయస్థానము 13 మంది మాటగా అభిప్రాయ మొసగెను; విభేదించినది ఒక్కరే. ఆ పదుముగ్గురిలో మన భండారిగా రొకరు. ఆ మే నెలలో సమితి సర్వసభ్యసభయందు 116 దేశములు, మన దేశముతో కూడ, అటే వోటు వేసినవి. తుదకు 2025 మే 22న బ్రిటను, మారిషస్ ఒడంబడికపై సంతకములు చేసినవి. ద్వీపములపై సార్వభౌమత్వము మారిషస్‌ది. డియెగో గార్షియాపై 99 ఏండ్ల అధికారము బ్రిటనుది. అందుకు ఏటికి సగటున 10 కోట్ల 10 లక్షల పౌనులు. మారిషస్ తక్కిన దీవులలో ప్రజలను నిలుపుకొనవచ్చును. డియెగో గార్షియాలో గాదు.

గమనింపుడు. 1971 ఆర్డినెన్సు పోయెను, 2004 ఆజ్ఞలను పోగొట్టుటకు పత్రము సిద్ధమయ్యెను. కాని ఆ తలుపు ఆ దీవికి అట్లే యున్నది, ఒడంబడికలో గుమ్మముపై యజమాని పేరు మాత్రము మారినది. 1965లో ఆ ప్రజల నెవ్వరును అడుగలేదు. 2025లోను ఒడంబడికయందు వారు పక్షము గారు. సంతకములనాటి వేకువజామున, డియెగో గార్షియాలో పుట్టిన యిరువురు స్త్రీలు లండను హైకోర్టున తాత్కాలిక నిషేధాజ్ఞ పొందిరి. ప్రొద్దు తిరుగకముందే అది తొలగింపబడెను. వలసపాలనము ముగియుట మాకు నిష్టమే. మారిషస్ హక్కును మేము తక్కువ చేయము. ఆ దేశము మనకు పరాయిది గాదు. కోరంగి రేవున ఓడ యెక్కి చెఱకుతోటలకు పోయిన మన గోదావరి, విశాఖ మండలముల వారి సంతతి అచ్చట ఉగాదిని జాతీయపు సెలవుదినముగా జరుపుకొనుచున్నారు. అందువలననే ఈ మాట వారితో చనువుగా చెప్పవచ్చునని మా తలంపు.

మన ప్రభుత్వము ఆ ఒడంబడికను స్వాగతించెను. 2025 సెప్టెంబరులో కాశీలో మారిషస్ ప్రధానితో జరిగిన సమావేశమున, చాగోస్ సముద్రసంరక్షణకును నిఘాకును తోడ్పడుదుమని వాగ్దానము చేసెను. ధనమును ఓడలను ఇచ్చువాని మాటకు విలువ యుండును. ఆ కడలిని కాచు ఓడలలో ఆ కడలిబిడ్డలకు చోటడుగుట మనకు తగని పని గాదు.

కావున ఈ సభ ముందు ఒక తీర్మానము నుంచుచున్నాము. చాగోస్ సంరక్షణకై భారతప్రభుత్వము చేయు సహాయమునందు, దూరపు దీవులకు మరలిపోవగోరు పూర్వనివాసులకును వారి సంతతికిని ప్రయాణము, మంచినీరు, గృహనిర్మాణము చేర్చవలెననియు. డియెగో గార్షియా తూర్పు తీరమున నున్న గుడిని, సమాధులను ఏటేట దర్శించుకొనుట వారి హక్కుగా, ఎవ్వరి దయాపత్రముతోను పనిలేకుండ, మారిషస్, బ్రిటను ప్రభుత్వములచేత అంగీకరింపజేయుటకు మన విదేశాంగశాఖ పూనుకొనవలెననియు ఈ సభ కోరుచున్నది. ఆమోదించువారు చేతులెత్త ప్రార్థన. తీర్మానపు ప్రతిని పార్లమెంటు సభ్యునకు చేర్చు భారము మాది.